పసుపు మేకలు

విజయనగరంలో మూడో కొట్టు తెరిచిన శనివారం నాడు రూబీ మెడలో దండలు వేసినవాళ్ళు చాలామంది. కానీ ఆదివారం చర్చిలో కూర్చున్నా, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా ఆమె మనసులో మెదులుతూ ఉన్నది దండ తేకుండా వచ్చిన ఒక్క మనిషే. తవిటమ్మ. పులిజూదం పావులకు ఇంటి దగ్గర రంగులు వేసే నలభై ఒక్కమంది ఆడవాళ్ళలో అందరికంటే పెద్దది, అందరికంటే ముందు చేరింది. గజపతినగరం అవతల చిన్న ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఫొటోల సందడిలో రూబీ చెయ్యి పట్టుకుని, చంకలోని ఆసుపత్రి కవరు తీయబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి మళ్ళీ చంకలోనే పెట్టేసుకుంది. "సోమారం మా ఇంటికొకసారి రా తల్లీ. ఇక్కడ సెప్పే మాట కాదు," అని వెళ్ళిపోయింది. భోజనానికి కూడా ఆగలేదు.

సోమవారం పొద్దున్నే రూబీ రాజాం నుంచి కారులో ఒక్కతే బయల్దేరింది.

చీపురుపల్లి దాటినా ఆమెకు అనుమానం రాలేదు. పనిలో ఏదో ఇబ్బంది ఉండి ఉంటుందనుకుంది. ముసలమ్మకు చూపు తగ్గి ఉంటుంది, కళ్ళద్దాలు ఇప్పించాలి అనుకుంది. కొట్టు పెరిగాక ఆమెకు అలాంటి ఆలోచనలు అలవాటయ్యాయి. ఎవరికి ఏం కావాలో తనకే ముందు తెలుస్తుందన్న ధీమా.

తొమ్మిదేళ్ళ కిందట ఆమె రాజాంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. ఏడో తరగతి పిల్లలు ఎండాకాలం మధ్యాహ్నాలు బెంచీల మీద వాలిపోతుంటే, ఒకరోజు నేల మీద సుద్దముక్కతో పులిజూదం గీసింది. మూడు చింతపిక్కలు పులులు, పదిహేను కందిగింజలు మేకలు. పులికి చిక్కకుండా మేకను ఎక్కడ పెట్టాలో ఆలోచించడం మొదలుపెట్టాక ఆ పిల్లలు గంట కొట్టినా లేవలేదు. వారం తిరక్కుండా యాజమాన్యం పిలిపించింది. క్లాసులో జూదం నేర్పుతున్నారని ఎవరో తండ్రి ఫిర్యాదు చేశాడట. జూదమన్నది పేరులోనే ఉంది, ఆటలో లేదని చెప్పినా వినలేదు. రూబీ ఆ నెలాఖరుకి మానేసింది.

జిరాక్సు కొట్టు పక్కన తొమ్మిదడుగుల వెడల్పు గది తీసుకుని 'ఆటవిడుపు' అని బోర్డు పెట్టింది. అచ్చంగా ఆటలే అమ్మే కొట్టు. మొదటి ఏడాదంతా జనం వచ్చి పెన్నులున్నాయా, రాఖీలున్నాయా అని అడిగి వెళ్ళిపోయేవారు. ఆమె విసుక్కోకుండా రెండు బల్లలు వేసి, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి ఆడించింది. ఆడినవాళ్ళు కొన్నారు. ఇంజినీరింగు కాలేజీ పిల్లలు శనివారాలు రావడం మొదలుపెట్టారు. వాళ్ళ కోసం బయటి దేశాల ఆటలు తెప్పించింది. రైలుదారులు వేసేవి, ఊళ్ళు కట్టేవి, నలుగురూ కలిసి ఒక దొంగని పట్టుకునేవి. గజపతినగరం దగ్గర సత్యరాజు అనే ముసలాయన లేత్ మిషను మీద పులుల్నీ మేకల్నీ చెక్కి, తిరుగుతున్న కర్రకే లక్క ఒత్తి రంగు పట్టించేవాడు. చేత్తో పట్టుకుంటే గింజలా నున్నగా ఉండేవి. కరోనా కాలంలో ఇళ్ళలో ఇరుక్కుపోయిన జనానికి ఆ పులిజూదం పెట్టె దొరికింది. విశాఖపట్నం నుంచి, హైదరాబాదు నుంచి అడగసాగారు. శ్రీకాకుళంలో రెండో కొట్టు పడింది. డిగ్రీలో తనతో చదివిన మోహనకృష్ణ భాగస్వామిగా చేరి, కొత్తవలసలో గోడౌను పెట్టి, తయారీ అంతా తన చేతిలోకి తీసుకున్నాడు.

సత్యరాజు రోజుకి నలభై పావులు చేసేవాడు. రోజుకి నాలుగు వందలు కావలసి వచ్చాయి. లక్క వదిలేసి డబ్బా రంగు వేద్దామన్నాడు మోహనకృష్ణ. సత్యరాజు ఆ డబ్బా మూత తీసి వాసన చూసి, "ఇది పిల్లలు పట్టుకునే వస్తువు కాదమ్మా" అని పక్కన పెట్టేశాడు. ముసలాయన కొత్త పద్ధతి ఒప్పుకోడు లెమ్మనుకుంది రూబీ. ఆ తర్వాత ఆయనకు పని పంపలేదు.

రంగులు ఇళ్ళ దగ్గరే వేయించాలన్న ఆలోచన మాత్రం పూర్తిగా ఆమెదే. ఆడవాళ్ళు గడప దాటక్కర్లేదు, పిల్లల్ని వదిలి రానక్కర్లేదు. పేపరువాళ్ళు కూడా రాశారు. ఆ ముక్క కత్తిరించి రాజాం కొట్టులో అద్దం కట్టించి పెట్టుకుంది.

తవిటమ్మ ఇంటి వరండాలో పాత పేపర్ల మీద, కొన్నాళ్ళుగా ఎవరూ ముట్టనట్టు, రంగు ఆరిపోయిన మేకలు వరసగా ఉన్నాయి. పసుపుపచ్చగా, ఎండలో మెరిసిపోతూ. పక్కన గరుకు కాగితం ముక్కలు, వాటి కింద పసుపు పొడి. గుమ్మం దాకా ఆ పొడి మీద చిన్న చిన్న అడుగుల జాడలున్నాయి.

"వచ్చినావా తల్లీ," అని తవిటమ్మ పీట వేసింది. ఆమె కూతురు ఉష గోడకు ఆనుకుని నిలబడే ఉంది. కూర్చోమనలేదు, పలకరించలేదు. ఆమె భుజం మీద మూడేళ్ళ పిల్ల మోక్షిత. కళ్ళు తెరిచే ఉన్నాయిగానీ దేన్నీ చూస్తున్నట్టు లేవు. మొహం పాలిపోయి ఉంది. ఉగాదికి రూబీ వచ్చినప్పుడు ఈ పిల్లే ఆమె హ్యాండుబ్యాగు లాక్కుని, ఇవ్వనని పరిగెత్తింది.

"ఏమ్మా, మోక్షితా! నన్ను గుర్తుపట్టావా?"

"పట్టదు మేడం," అంది ఉష. "నన్నే అమ్మా అని పిలిసి రెండు నెల్లయినాది. ఉగాదికి గడగడా మాటాడీది. ఒక్కో మాటే ఒగ్గేసింది. ముందు బస్సు అనడం మానీసినాది, తర్వాత తాత అనడం మానీసినాది. ఆకరికి అమ్మ కూడా పోయినాది."

తవిటమ్మ కవరు అందించింది. విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి కాగితాలు. రూబీ తిరగేస్తుంటే ఉషే చెప్పింది.

"నెత్తురులో సీసం ఉందన్నారు మేడం. సీసం అంటే మాకేటి తెలుసు? గాజు సీసా అనుకున్నాను. నా గుంట గాజు పెంకు మింగీసినాదనుకుని ఆసుపత్రిలో నెత్తీనోరూ కొట్టుకున్నాను. అప్పుడా డాక్టరమ్మ కూకోబెట్టి సెప్పింది, అదొక లోహమంట, రంగుల్లో కలుపుతారంట. మీ ఇంట్లో రంగుల పనేటైనా ఉందా అనడిగింది." ఉష వరండాలోని మేకల వైపు గడ్డం చూపించింది. "ఏటని సెప్పమంటారు?"

రూబీ కూడా ఆ మేకల వైపు తిరిగి చూసింది.

"రూబీ అమ్మకేటి తెలుసే," అంది తవిటమ్మ మెల్లగా. "ఆయమ్మ కొట్లో కూకుంటాది. రంగు కలిపేది ఆయమ్మా?"

"తెలీపోతే తెలుసుకోవాల," అని ఉష తల్లి మీద విరుచుకుపడింది. మళ్ళీ రూబీ వైపు తిరిగింది. "మీరొచ్చి ఏమన్నారు మేడం ఆరోజు? ఇంట్లోనే కూకుని గుంటల్ని సూసుకుంటా పని సేసుకోండి అన్నారు. అన్నారా లేదా?"

"అన్నాను."

"సూసుకుంటానే ఉన్నాను. నా కళ్ళ ముందే మేకని నోట్లో పెట్టుకునీది. పళ్ళొస్తన్నాయి, నవుల్తాదిలే అనుకున్నాను. ఆడుకునే బొమ్మే గదా, మేడం ఇచ్చిన బొమ్మే గదా అనుకున్నాను."

పిల్ల భుజం మీంచి కొంచెం జారింది. ఉష సర్దుకుంది. పిల్లలో బరువే లేదని ఆ సర్దుకోవడంలోనే రూబీకి తెలిసింది.

"నయమవుతుందన్నారా?"

"మందులిచ్చినారు. నెత్తురులోది తగ్గుతాదంట. పోయిన మాటలు మళ్ళీ వస్తాయా అంటే మాత్రం ఆ డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి సూసింది."

రూబీ లేచి వరండాలోకి వెళ్ళింది. రంగు డబ్బా చేతిలోకి తీసుకుంది. దాని మీద ఉండవలసిన కాగితం చింపేసి ఉంది. దాని జాగాలో తెల్ల టేపు, టేపు మీద 'పసుపు' అని మోహనకృష్ణ దస్తూరీ. మేకల్నీ, డబ్బానూ, పొడినీ పేపర్లతో సహా మూటకట్టి కారులో పెట్టింది. చీరకంతా పసుపు అంటుకుంది. పొడి లేవకుండా వరండా తడిగుడ్డతో తుడవమనీ, ఊడ్చవద్దనీ చెప్పబోయింది. ఉష అప్పటికే తలుపు వేసేసుకుంది.

తవిటమ్మ కారు దాకా వచ్చింది. "దాని మాటలకేటనుకోకు తల్లీ," అంది. రూబీకి ఆ మాట ఉష తిట్టినదానికంటే బరువుగా తగిలింది.

కొత్తవలస చేరేసరికి పన్నెండయింది. గోడౌను రైల్వే యార్డు వెనక ఉంది. ఇనుపరాయి నింపుకున్న గూడ్సు వెళ్తుంటే రేకుల కప్పు అదురుతోంది. లోపల కొత్త కొట్టు కోసం కట్టిన పెట్టెలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. మోహనకృష్ణ బల్ల దగ్గర కూర్చుని ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆమెను చూసి నవ్వి, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాడు.

రూబీ ఆ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

అతను డబ్బా వైపు చూశాడు. ఆమె చీర మీది పసుపు చూశాడు. ఫోను పెట్టేశాడు. 'ఇదేంటి, ఎక్కడిది' అని అడగలేదు. అడగకపోవడంతోనే రూబీకి సగం తెలిసిపోయింది.

"ఇందులో ఏటుంది మోహన్?"

"కూర్చో ముందు."

"కూర్చోను. ఏటుంది?"

అతను లేచి వాకిట్లో పెట్టెలు మోస్తున్న ఇద్దరు మనుషుల్ని టీ తాగి రమ్మని పంపేశాడు. తిరిగొచ్చి, సొరుగు తెరిచి, కిందెక్కడి నుంచో ఒక కవరు తీసి ఆమె ముందు వేశాడు.

హైదరాబాదులోని ఒక పరీక్షశాల కాగితం. తేదీ ఏప్రిల్ ఇరవై రెండు. పైన 'చెక్క పావులు, పసుపు' అని రాసి ఉంది. కింద గళ్ళల్లో అంకెలు. ఉండదగిన దానికీ ఉన్నదానికీ మధ్య ఎంత తేడా ఉందో అర్థం చేసుకోవడానికి లెక్కల టీచరు అక్కర్లేదు. ఆ గడి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

"ఆర్డరిస్తామన్న బెంగుళూరు వాళ్ళు అడిగారు," అన్నాడు మోహనకృష్ణ. "పిల్లల వస్తువు కాబట్టి పరీక్ష కాగితం కావాలన్నారు. చేయించాను. అది చూసి వద్దన్నారు."

"డిజైను నచ్చలేదని చెప్పావు నాకు."

"ఏమని చెప్పమంటావు?"

"ఏప్రిల్ నుంచి తెలుసు. ఇప్పుడు ఆగస్టు."

"తెలిసిన వారంలోనే రంగు మార్చీసాను రూబీ! నా మాట పూర్తిగా విను. బయటికెళ్ళే ప్రతి పెట్టెకీ కొత్త రంగే. కాగితాలన్నీ ఉన్నాయి, చూపిస్తాను."

"మరి తవిటమ్మ ఇంట్లో ఈ డబ్బా ఎందుకుంది?"

అతను గూడ్సు చప్పుడు పోయేదాకా ఆగాడు.

"చెప్పు మోహన్."

"పాత డబ్బాలు చాలా ఉండిపోయాయి. అవి అయిపోయేదాకా ఇక్కడి కొట్లకి సరిపెడదామనుకున్నాను. రాజాం, శ్రీకాకుళం, ఇప్పుడు విజయనగరం. ఇక్కడెవరూ పరీక్షలు అడగరు కదా."

ఆ మాట అతను తలవంచుకుని అనలేదు. సరుకు ఎటు పంపాలో చెప్పినట్టే చెప్పాడు. శనివారం కొత్త కొట్టులో బల్లల చుట్టూ చేరిన పిల్లలు రూబీకి గుర్తొచ్చారు. ఒక పిల్లాడు గెలిచిన మేకను ముద్దు కూడా పెట్టుకున్నాడు. తనే ఫొటో తీసింది.

"మనిషివేనా నువ్వు?" అంది. "మన ఊళ్ళ పిల్లలు మోహన్. మనం తిరిగే వీధుల్లో పిల్లలు."

"అంతా నా నెత్తినే రుద్దకు!" అతని మొహం ఎర్రబడింది. "రోజుకి నలభై పావులైతే ఎలా, ఏదో ఒకటి చెయ్యి మోహన్ అన్నదెవరు? సత్యరాజు ఈ రంగు వద్దంటే ఆయన్ని పక్కన పెట్టింది ఎవరు? నేనా? రెండేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఈ డబ్బాలో ఏముందని నువ్వు అడిగావా?"

"లేదు."

"మరి?"

"అడగలేదు. అది నా తప్పే. నీకు మాత్రం ఏప్రిల్లోనే తెలుసు."

అతను కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి గొంతు తగ్గించి, డిగ్రీ రోజుల్లో పరీక్ష ముందు ధైర్యం చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. ఇది బయటికి పొక్కితే మూడు కొట్లూ ఒక్క రోజులో మూతపడతాయి. నలభై ఒక్క ఇళ్ళలో పని పోతుంది. అందులో మగదిక్కు లేనివి ఎన్ని ఉన్నాయో ఆమెకే బాగా తెలుసు. పాత డబ్బాలు ఈ రోజే పారేయిద్దాం. కొట్లలో ఉన్న పెట్టెలు కొత్త అట్ట వేయాలన్న వంకతో వెనక్కి తెప్పిద్దాం. తవిటమ్మ మనవరాలిని ఎంత పెద్ద డాక్టరుకైనా చూపిద్దాం.

"రెండు నెలల్లో అంతా సద్దుమణుగుతాది. ఎవరికీ ఏమీ తెలీదు. నువ్వు ఊఁ అను చాలు."

ఆ మాటలు వింటున్నంతసేపూ రూబీ అతన్ని అసహ్యించుకుందని చెబితే అబద్ధమవుతుంది. ఒక్క క్షణం ఆమెకు అతను తనని ఒప్పించేస్తే బాగుండుననిపించింది. తొమ్మిదేళ్ళు. జిరాక్సు కొట్టు పక్కన ఆ ఇరుకు గదిలో రోజుకొక్కరైనా రాకపోతారా అని రోడ్డు వైపు చూసిన మధ్యాహ్నాలు. విజయనగరం కొట్టు మీద కొత్త బోర్డు ఇంకా రంగు వాసన వేస్తోంది. ఊఁ అంటే అవన్నీ ఉంటాయి. కిటికీలోంచి బయటికి చూసిన డాక్టరమ్మ లాగే తను కూడా ఎటో ఒకవైపు చూస్తూ బతికేయొచ్చు.

రూబీ కళ్ళు తుడుచుకుంది.

"ఇళ్ళ జాబితా ఇయ్యి."

"ఎందుకు?"

"నలభై ఒక్క గుమ్మాలూ నేనే ఎక్కుతాను. పిల్లలందరికీ నెత్తురు పరీక్ష చేయించాలి. కొన్నవాళ్ళకి చెప్పాలి, పేపర్లో వేయించాలి. కొట్లు ఈ పూటే మూయిస్తాను."

"రూబీ, పిచ్చెక్కిందా నీకు?"

"జాబితా ఇయ్యి మోహన్."

అతను ఇవ్వలేదు. ఆమె చెయ్యి చాచి బల్ల మీది నల్ల అట్ట పుస్తకం లాక్కుంది. అతను లేవబోయి, ఎందుకో ఆగిపోయాడు.

పేర్లు, ఊళ్ళు, ఎవరికి ఎన్ని పావులు పంపిందీ వరసగా ఉన్నాయి. కొన్ని పేర్ల పక్కన ఎర్ర సిరాతో చుక్కలున్నాయి. తవిటమ్మ పేరు పక్కన కూడా ఒకటుంది. రూబీ వేలు పెట్టి లెక్కపెట్టింది. తొమ్మిది.

"ఈ చుక్కలేటి?"

మోహనకృష్ణ గోడ వైపు చూస్తున్నాడు.

"నిన్నే. ఏటివి?"

"కడుపునొప్పని, వాంతులని మధ్యలో కొన్నాళ్ళు పని ఆపిన ఇళ్ళు. పిల్లలకి బాగోలేదన్నవాళ్ళు." ఆగి అన్నాడు, "గుర్తు కోసం పెట్టుకున్నాను."

గుర్తు కోసం. ఒక్కొక్క ఇంటి నుంచీ కబురు వచ్చినప్పుడల్లా ఈ బల్ల దగ్గర కూర్చుని, ఎర్ర పెన్ను మూత తీసి చుక్క పెట్టి, మూత పెట్టేసుకున్నాడు. మళ్ళీ అదే ఇంటికి అదే డబ్బా పంపాడు.

రెండో పేజీలో ఒక పేరుకి మాత్రం చుక్క కాదు, గీత ఉంది. పేరు మొత్తం అడ్డంగా కొట్టేసి ఉంది. లక్ష్మణమ్మ, కొత్తవలస, రైలుగేటు అవతల.

"ఈవిడ?"

"మానేసింది."

"ఎందుకు?"

"జూన్లో కొడుకు పోయాడు. పచ్చకామెర్లు. దానికీ దీనికీ సంబంధం లేదు రూబీ, కామెర్లే అది, అందరూ అదే అన్నారు. నువ్వప్పుడు విజయనగరం కొట్టు పనుల్లో ఉన్నావు, చెబితే బాధపడతావని…"

మిగతాది ఆమె వినలేదు. పుస్తకం, పరీక్షశాల కాగితం రెండూ తీసుకుని బయటికొచ్చేసింది. వెనక నుంచి అతను రెండుసార్లు పిలిచాడు. "అక్కడికి మాత్రం వెళ్ళకు రూబీ!" అన్న కేక గుమ్మం దాకా వినిపించింది.

రైలుగేటు వేసి ఉంది. కారు అక్కడే వదిలేసి, పక్కనున్న సందులోంచి పట్టాలు దాటి నడిచింది. ఎవరినో అడిగితే చూపించారు. ఒక గది, ముందు పాక. పాక మూలల్లో పసుపు పొడి ఇంకా అంటుకునే ఉంది. పాకలో లక్ష్మణమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ముప్పై నిండి ఉండవు. రూబీని చూసి చేట పక్కన పెట్టి గబగబా లేచింది.

"ఒలమ్మ, నువ్వా తల్లీ! ఇంత ఎండలో వచ్చినావేటి? కూకో, కూకో. మంచినీలు తెస్తాను."

"వద్దమ్మా. బాబు సంగతి ఇప్పుడే తెలిసింది నాకు. ఇంతకుముందు తెలీదు."

లక్ష్మణమ్మ అర్థంకానట్టు చూసింది. "అదేటి తల్లీ, నువ్వే గదా పంపించినావు? ముక్తేశ్ పోయిన మూడోనాడు మోహనబాబు వచ్చినాడు. రూబీ మేడం పంపించినాదని బియ్యం బస్తా దింపినాడు. మేడం పేరు మీద కాయితం, ఏలిముద్ర ఎయ్యమన్నాడు. నీ పేరు సెప్పినాక నానెందుకు కాదంటాను? ఏసినాను."

"ఏం కాగితం?"

"మాకూ ఒకటిచ్చినాడు. ఉండు."

గూట్లోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చింది. రూబీ విప్పి చదివింది. 'మా అబ్బాయి ముక్తేశ్, వయసు నాలుగేళ్ళు, పచ్చకామెర్ల వల్ల చనిపోయినాడు. మేము ఇంటి వద్ద చేయు రంగుల పనికీ దీనికీ ఏ విధమైన సంబంధమూ లేదు. ఆటవిడుపు యజమానురాలు శ్రీమతి రూబీ గారి మీద మాకు ఇప్పుడుగానీ ఇకముందుగానీ ఎటువంటి ఫిర్యాదూ లేదు.' కింద నీలం వేలిముద్ర. దాని కింద సాక్షిగా మోహనకృష్ణ సంతకం. పక్కన మరొక సంతకం కూడా ఉంది. అచ్చం తన సంతకం లాంటిదే. ఆమె పెట్టనిది.

లక్ష్మణమ్మ ఆమె మొహంలోకే చూస్తోంది. పిల్లాడు పోయినప్పటి నుంచీ ఎవరినీ అడగలేక దాచుకున్నదేదో ఆ కళ్ళలో కదిలింది.

"ఏటి రాసుందమ్మా అందులో? మాకు సదువు రాదు. కామెర్లని రాసినారు గదా?"

"అవును."

"కామెర్లే గదమ్మా?"

రూబీ ఒక్క మాట చెబితే చాలు. మోహనకృష్ణ అడిగిన ఊఁ కంటే చిన్న మాట. ఈ తల్లి కూడా బహుశా అదే వినాలని ఎదురుచూస్తోంది. దేవుడు తీసుకుపోయాడనుకుంటే ఏదో ఒకరోజుకి కొంతయినా తట్టుకుంటుంది. తన చేత్తో తెచ్చి ఇంట్లో పెట్టుకున్నదే తీసుకుపోయిందంటే?

"కాకపోవచ్చు లక్ష్మణమ్మా," అంది. "నేను పంపిన రంగులో విషం ఉంది. ఈరోజే తెలిసింది. దానివల్లే కావచ్చు."

లక్ష్మణమ్మ ఏడవలేదు. తిట్టలేదు. కింద పడ్డ రెండు బియ్యపుగింజలు ఏరి చేటలో వేసింది. ఆ పని అయ్యాక ఇంక చేయడానికేమీ లేనట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పట్టాల మీద ఏదో బండి కూతపెట్టి వెళ్ళిపోయింది. రూబీ ఆమె పక్కన నేల మీద కూర్చుని, భుజం మీద చెయ్యి వెయ్యాలా వద్దా తెలియక అలాగే ఉండిపోయింది.

ఉన్నట్టుండి లక్ష్మణమ్మ లేచింది. గదిలోకి పరిగెత్తినంత వేగంగా వెళ్ళింది. ఉయ్యాల కొక్కేలు కిర్రుమన్నాయి. బయటికొచ్చేసరికి ఆమె రెండు చేతుల మీద ఏడాది పిల్ల ఉంది. ఆడపిల్ల. పొడి జుట్టు, వేలాడుతున్న కాళ్ళు.

"అయితే దీనికేటి సెప్పు తల్లీ?" అంది. గొంతు ఇప్పుడు మారిపోయింది. "నిన్నటి నుంచి పాలు తాగడం లేదు. లెగడం లేదు. మత్తుగా పడుకునే ఉంటన్నాది. జ్వరమే లేదు. అన్నకి కూడా ఇలాగే మొదలయినాది. బేగి సెప్పు, ఇదేటి?"

ఆమె ఆ పిల్లను రూబీ ఒళ్ళో పెట్టేసింది. రూబీ "ఆసుపత్రికి, కారు గేటు దగ్గరుంది, పద" అంటూ లేవబోయింది.

అంతలోనే ఆమె చేతుల్లో ఆ చిన్న ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయింది. పిల్ల కళ్ళు పైకి తేలిపోయాయి.